పాట అయిపోయాక

"ముందు ఆ సంచీ తీసి బయట పెట్టండి. తర్వాత మాట్లాడదాం," అంది చిన్ని.

బావ కదల్లేదు. కొలతలివ్వడానికి వచ్చేవాళ్లు కూర్చునే బల్ల మీద, ఒక చివర, ఒంగి కూర్చున్నాడు. నీలం గుడ్డ సంచీ ఆయన కాళ్ల మధ్య ఉంది. జిప్పు సగమే పడింది. అందులోంచి తువ్వాలు అంచు బయటకు వచ్చింది. తువ్వాలు తెచ్చుకున్నాడంటే ఉండిపోవడానికే వచ్చాడన్నమాట. ఆ అంచు చూస్తుంటే చిన్నికి ఒళ్లు మండిపోయింది.

"సంచీ జోలికి వెళ్లకు పిన్నీ," అంది అక్క కూతురు పిచ్చుక. "నాన్నని తీసుకొచ్చింది నేను. తిట్టాలనుంటే నన్ను తిట్టు."

"నీ వంతూ వస్తుంది, ఆగు."

తెర అవతల కుట్టుమిషన్ నడుస్తూనే ఉంది. పొద్దున ఎనిమిదింటికి కూతురి వెనకాల గుమ్మంలో నిలబడ్డ మొగుణ్ణి చూసి, అక్క ఒక్క మాట కూడా అనకుండా లోపలికి వెళ్లి మిషన్ ముందు కూర్చుంది. ఇప్పుడు తొమ్మిదిన్నర. ఈ గంటన్నరలో ఆమె ఎంత గుడ్డ కుట్టిందో తెలియదు గాని, గొంతు మాత్రం వినపడలేదు.

వీధి తలుపు అద్దానికి పిచ్చుక ఒక కాగితం అంటించింది. 'ఈ రోజు షాపుకు శెలవు.' అంత కోపంలోనూ 'సెలవు'కు బదులు రాసిన ఆ 'శెలవు' చిన్ని కంటికి ముల్లులా గుచ్చుకుంది. ఇరవై రెండేళ్లుగా ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి. అక్కడ ఆమెను చాటుగా కామాలమ్మ అంటారు. నలభై ఆరేళ్లు వచ్చినా ఇంట్లో ఇంకా చిన్నీయే.

"ఎక్కడ దొరికాడు నీకు?" అంది పిచ్చుకతో.

"ఆసుపత్రికి వచ్చాడు. కళ్లు చూపించుకోవడానికి. నా కౌంటరు దగ్గరే ఫారం నింపాడు. ఇంటిపేరు చూశాను, పుట్టిన తేదీ చూశాను, మొహం చూశాను, ఫోటోలో ఉన్నదే. మూడు నెలలైంది."

"మూడు నెలలు! మూడు నెలల నుంచీ నా ఎదురుగా కూర్చుని అన్నం తింటూ, ఒక్క ముక్క చెప్పలేదు!"

"చెబితే ఏమనేదానివి? ఇప్పుడంటున్నదే అప్పుడూ అనేదానివి. నిన్న సినిమాకి రమ్మని నేనే టికెట్ ఇచ్చాను. చూస్తూ ఏడ్చాడు. బయటకొచ్చాక ఇంటికి రా నాన్నా అన్నాను. వచ్చాడు."

సినిమా! ఆ మాట వినగానే నిన్నటి మంట మళ్లీ లేచింది.

చిన్ని జన్మంతటికీ రాసింది ఒకే ఒక్క నవల. పన్నెండేళ్ల కిందట. అందులో కథ అక్కదే. మొగుడు లారీ డ్రైవరు. ఏడాది నిండిన కూతుర్ని, పెళ్లాన్ని వదిలి ఒక రోజు బండెక్కినవాడు మళ్లీ దిగడు. ఆమె మిషన్ కుట్టుకుని పిల్లను పెంచుతుంది. తొమ్మిదేళ్లకు అతను ఒక సాయంత్రం వచ్చి తలుపు కొడతాడు. ఆమె కిటికీ రెక్క ఒక్కటే తీసి, "నీ కొలతలు ఈ ఇంట్లో లేవు. ఎప్పుడో చింపేశాను," అని రెక్క మూసేస్తుంది. నవల అక్కడితో ఆగిపోతుంది.

ఆ వాక్యాన్ని ఎంతమంది ఆడవాళ్లు నోటికి అప్పజెప్పారో! ఎన్ని ఉత్తరాలో! వెతుక్కుంటూ షాపుకి వచ్చి, అక్క చెయ్యి పట్టుకుని, "ఆ మాటన్నది మీరేనటగా," అని కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లున్నారు.

ఇప్పుడు ఆ నవలను సినిమాగా తీశారు. నిన్న తెర మీద ఆ కిటికీయే లేదు. దాని బదులు రైలు స్టేషన్ ఉంది, వాన ఉంది. కథానాయిక ఏడాదికొకటి చొప్పున మొగుడి కోసం తొమ్మిది చొక్కాలు కుట్టి పెట్టెలో దాచిందట! తొమ్మిదో చొక్కా పట్టుకుని ప్లాట్‌ఫారం పొడుగునా పరుగెత్తుకు వచ్చి, వానలో తడుస్తూ అతనికి తొడిగి, ఒక్కొక్క బొత్తామే పెట్టింది. ఒక్కో బొత్తాముకి ఒక్కో చరణం. ఆఖరి బొత్తాము దగ్గర కౌగిలింత. శుభం.

చిన్ని హాల్లోంచి బయటకు రాగానే దర్శకుడికి ఫోను చేసింది.

"కొలతలు చింపేసిన మనిషి చేత తొమ్మిది చొక్కాలు కుట్టిస్తారా? సిగ్గుండాలి!"

"అమ్మా, మీ కథ మొత్తం అలాగే ఉంచాను. చివరి పది నిమిషాలే కదా మార్చింది," అన్నాడతను, ఎంతో ఓపికగా. "మనుషులు రెండున్నర గంటలు ఏడ్చారు. కాస్త నవ్వి ఇంటికి పోనివ్వండి. అయినా ఒప్పందంలో ఏడో పేరా ఒకసారి చూసుకోండి."

చూసుకుంది. 'ముగింపుతో సహా అవసరమనిపించిన మార్పులు.' పక్కనే ఆమె పొడి సంతకం. ఊళ్లో వాళ్లందరి రాతల్లో తప్పులు వెతికే మనిషి, తన కాగితం చదువుకోలేదు.

"ఆ సినిమా చూసి వచ్చారన్నమాట," అంది ఇప్పుడు బావతో. "అందులో వాడికి చొక్కా తొడిగారు కాబట్టి మీకూ ఎవరో తొడుగుతారనుకున్నారా?"

"లేదు చిన్నీ." ఆయన గొంతు బొంగురుగా ఉంది. జుట్టు మొత్తం నెరిసింది. కళ్లజోడు కొత్తది కాబోలు, మాటిమాటికీ సర్దుకుంటున్నాడు. "హాల్లో జనం చప్పట్లు కొట్టారు. వాణ్ణి మళ్లీ చేరదీస్తే చప్పట్లు కొట్టారు. నా బతుకులో నన్ను తిట్టని మనుషుల్ని అంతమందిని ఒక్కచోట ఎప్పుడూ చూడలేదు."

"వాళ్లు కొట్టింది మీ కోసం కాదు. పాట కోసం."

"పిన్నీ!"

"ఏం పిన్నీ? అబద్ధమా? తొమ్మిదేళ్లు కనపడకుండా పోయినవాడు ఎందుకు వెళ్లాడో, ఎక్కడున్నాడో, ఒక్క మాట అడగలేదు ఆ సినిమాలో! వాన పడిందట, ఆవిడ పరుగెత్తిందట. వానొస్తే బుద్ధి గడ్డి తింటుందా మనిషికి? అది ప్రేమా? ఆ కథకి ఆ ముగింపు ఎవరి ఒంటి చొక్కానో ఎవరికో తొడిగినట్టుంది!"

"నాకు నచ్చింది," అంది పిచ్చుక.

చిన్ని నిర్ఘాంతపోయింది.

"అవును, నచ్చింది! నీ పుస్తకం నాకు పదమూడో ఏట వచ్చింది. అప్పటి నుంచి నేను ఆ కిటికీ వెనకాల పిల్లనే. కాలేజీలో మేడమ్ ఆ పేజీ పైకి చదివి, చదివాక నా వైపు చూసింది. క్లాసంతా చూసింది. మా నాన్న ఎలాంటివాడో నాకన్నా ముందు వాళ్లకి తెలుసు. నిన్న మొదటిసారి, ఒక్క పది నిమిషాలు, ఆ పిల్లకి నాన్న దొరికాడు. నవ్వింది ఆ పిల్ల! నీ పుస్తకంలో ఒక్కచోటైనా నవ్వించావా దాన్ని?"

"నేను నిజం రాశాను."

"నువ్వు నీ కోపం రాశావు!"

మిషన్ ఆగింది.

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. బావ తల ఎత్తి తెర వంక చూసి, మళ్లీ దించుకున్నాడు.

అక్క తెర తోసుకుని వచ్చింది. మెడలో కొలత టేపు, పెదాల మధ్య మూడు గుండుసూదులు. వాటిని ఒక్కొక్కటే తీసి, ముంజేతికి కట్టుకున్న చిన్న దిండుకు గుచ్చింది.

"తేల్చుకున్నారా?" అంది. "పుస్తకం బాగుందా, సినిమా బాగుందా?"

"అక్కా, అది కాదు..."

"నాతో చెప్పకు. నన్నెవరైనా అడిగారా అసలు? గంటన్నర నుంచి వింటున్నాను. నా మొగుడు, నా తలుపు, నా చొక్కాలు. మాటలు మాత్రం మీవి."

"నేను నీ తరఫునేగా మాట్లాడుతున్నది!" అంది చిన్ని.

"పన్నెండేళ్లుగా మాట్లాడుతూనే ఉన్నావు." అక్క టేపు మెడలోంచి తీసి చేతికి చుట్టుకోవడం మొదలుపెట్టింది. "ఆ మాట, కొలతలు చింపేశానన్న మాట. నేనన్నానని రాశావే. నేనెప్పుడన్నానే అది?"

చిన్నికి వెంటనే అర్థం కాలేదు.

"అంటే... అచ్చంగా ఆ మాటే కాకపోవచ్చు. నువ్వే చెప్పావుగా, వచ్చాడు, వెళ్లిపోయాడు అని. పంపించేశావనేగా..."

"వచ్చాడు, వెళ్లిపోయాడు. అంతే చెప్పాను. మిగతాదంతా నువ్వు రాసుకున్నావు."

బావ లేచి నిలబడ్డాడు. "ఇప్పుడెందుకు అదంతా?"

"కూర్చో," అంది అక్క.

ఆ ఇంట్లో ఆయన్ను ఆమె 'మీరు' అనడమే చిన్నికి తెలుసు. ఆయన కూర్చున్నాడు.

"కిటికీ తీయలేదు నేను. తలుపే తీశాను. బార్లా తీశాను." అక్క ఎవరి వంకా చూడ్డం లేదు. టేపు చుట్టుకుంటూ చెబుతోంది. "ఈయన వచ్చినప్పుడు నువ్వు పది రోజులు ఏదో పెద్ద ప్రెస్సులో పని నేర్చుకోవాలని వెళ్లావు. వేసవి సెలవులు కదా అని పిచ్చుకని కూడా వెంట తీసుకెళ్లావు. ఇంట్లో నేనొక్కదాన్నే. మొదటి రోజు నేను మాట్లాడలేదు. అన్నం పెట్టాను, తిన్నాడు. రెండో రోజు కుళాయి కారుతుంటే బాగుచేశాడు. ఆ రోజు తిట్టాను. నోటికొచ్చినట్టు తిట్టాను, విన్నాడు. మూడో రోజు కొత్త చొక్కాకి కొలతలు తీశాను. నాలుగో రోజు ఇద్దరం దేనికో తెగ నవ్వుకున్నాం. ఎందుకో ఇప్పుడు గుర్తు లేదు."

చుట్టిన టేపు విప్పి, మళ్లీ మొదటి నుంచి చుట్టింది.

"ఐదో రోజు పొద్దున దారం అయిపోయిందని బజారుకి వెళ్లాను. అరగంట. వచ్చేసరికి చొక్కా మిషన్ మీదే ఉంది. కాలరు ఒక్కటే కుట్టాలి. మనిషి లేడు."

పిచ్చుక బల్ల అంచు పట్టుకుంది.

"సినిమావాడు మొగుణ్ణి మళ్లీ చేరదీయించాడని నీకెందుకే అంత కోపం?" అంది అక్క చెల్లెలితో. "ఆ మాట నిజమే. వాడు తప్పు చేసింది అక్కడ కాదు. పాట అయిపోగానే ఆపేశాడు. ఐదో రోజు చూపించలేదు. నువ్వేమో మొగుడు గడప ఎక్కకముందే ఆపేశావు. ఇద్దరికీ నేను అక్కర్లేదు."

"నాకెందుకు చెప్పలేదు అక్కా?" చిన్ని గొంతు కీచుగా వచ్చింది. అది కోపమో, ఏడుపో ఆమెకే తెలియలేదు. "రాసేటప్పుడు ప్రతి ఆదివారం నీకు చదివి వినిపించాను. ఆ పేజీ చదివినప్పుడు నువ్వు కళ్లు తుడుచుకున్నావు!"

"తుడుచుకున్నాను. ఆ మనిషిని నేనైతే బాగుండు అనిపించింది. నీ కళ్లు వెలిగిపోతున్నాయి. మా అక్క ఎంత గొప్పదో చూడండి అని లోకానికి చాటుతున్నావు. అప్పుడెలా చెప్పను, నేను తలుపు తీశాననీ, రెండోసారీ వదిలేయించుకున్నాననీ? తర్వాత వాళ్లు రావడం మొదలుపెట్టారు, నా చేతులు పట్టుకోవడానికి. ఒకావిడ నన్ను చూసి వెళ్లి, మొగుడికి తలుపు వేసేసిందట. అలా రాసింది నీకు. ఆ ఉత్తరం నువ్వు మురిసిపోతూ చదివావు. నాకు వారం రోజులు నిద్ర పట్టలేదు."

ఎదుటివాళ్లు నోరు తెరిచేలోపే జవాబు తయారుగా ఉండే చిన్ని, సంచీలోంచి బయటకొచ్చిన తువ్వాలు అంచుకేసి చూస్తూ నిలబడిపోయింది.

మాట్లాడింది పిచ్చుక. చాలా నెమ్మదిగా.

"నాన్నా. ఇదంతా నాకెందుకు చెప్పలేదు? మూడు నెలల్లో ఎన్నిసార్లు కలిశాం మనం? అమ్మ రానివ్వలేదన్నావు."

"అలా అనలేదమ్మా. పుస్తకంలో ఉందిగా అన్నావు నువ్వు. నేను కాదనలేదు."

"కాదనలేదు," అంది పిచ్చుక. "సరే. ఆ ఐదో రోజు... పిన్నీ నేనూ మర్నాడు సాయంత్రం రైలుకి వస్తున్నామని నీకు తెలుసా?"

ఆయన కళ్లజోడు తీశాడు.

"అడుగుతున్నాను నాన్నా. తెలుసా, తెలియదా?"

"తెలుసు."

"ఇంకొక్క రోజు. ఒక్కటంటే ఒక్క రోజు ఆగితే నన్ను చూసేవాడివి."

"తెలుసమ్మా."

"తెలిసే వెళ్లావు!" ఆ అరుపుకి వీధిలో నడిచిపోతున్న మనిషొకడు ఆగి అద్దంలోంచి చూశాడు. పిచ్చుక పట్టించుకోలేదు. ఒక్క అంగలో వెళ్లి నీలం సంచీ ఎత్తి ఆయన ఒళ్లో పడేసింది. "నిన్న పాటకి ఏడ్చావే! ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి కాళ్లకి చుట్టుకున్నప్పుడు నా చెయ్యి పట్టుకుని మరీ ఏడ్చావే! నేను నమ్మానే! పిన్ని చెబితే వినకుండా తన మొహాన పుస్తకం విసిరికొట్టినంత పని చేశానే నీ కోసం!"

"పిచ్చుకా, ఆగు," అంది అక్క.

"ఎందుకాగాలి?"

"ఆయన జవాబు చెప్పాలి కాబట్టి. పదిహేనేళ్ల నుంచి నాక్కూడా బాకీ ఉన్నాడు ఆ జవాబు." అక్క ఎదురుగా ఎత్తుపీట లాక్కుని కూర్చుంది. "ఎందుకు వెళ్లావు? నేను తిట్టిన తిట్లకా? అప్పటికి అవి తిట్టి మూడు రోజులైంది. ఇంకెవతైనా ఉందా? ఉంటే ఉందని చెప్పు. చొక్కా సగంలో ఉండగా వెళ్లిపోయేంత కొంపలేం మునిగాయి? అది చెప్పు. ఉండటం, పోవడం సంగతి ఆ తర్వాత చూద్దాం."

బావ సంచీని పక్కన పెట్టి, చొక్కా జేబులోంచి లైసెన్సు పెట్టుకునే ప్లాస్టిక్ కవరు తీశాడు. లైసెన్సు వెనక నాలుగు మడతల కాగితం ఒకటి ఉంది. మడతల దగ్గర అరిగిపోయి గుడ్డలా మెత్తబడింది.

"నువ్వు బజారుకెళ్లినప్పుడు పోస్టుమేన్ వచ్చాడు," అన్నాడు అక్కతో. "నీ పేరు మీద కవరు. పిల్ల కబుర్లేమైనా ఉంటాయేమోనని విప్పాను. తప్పే."

"నాకొచ్చిన ఉత్తరమా?"

"మీ చెల్లెలు రాసింది."

మడత విప్పుతుండగానే చిన్ని ఆ దస్తూరీని గుర్తుపట్టింది. గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా, కామా దగ్గర కామా పెట్టి రాసిన ఉత్తరం. ఆ రోజుల్లో రాసిందే. అందిందా అని తర్వాత అడిగితే అక్క రాలేదంది. పోస్టులో పోయిందనుకుని మర్చిపోయింది.

ఇప్పుడు గుర్తొచ్చింది. అందులో ఏం రాసిందో గుర్తొచ్చింది.

"అది ఇటివ్వండి బావా," అంది.

ఈ పొద్దుటి నుంచి ఆమె ఆయన్ను బావా అనడం అదే మొదలు. అక్క అది గమనించింది.

"దానికివ్వు," అంది, కూతురి వైపు చూపించి. "పైకి చదువు. నాక్కూడా వినపడాలి."

పిచ్చుక కాగితం అందుకుంది. మొదటి రెండు ముక్కలు గబగబా చదివింది. గది బాగుంది, భోజనం ఫరవాలేదు, పని రెండు రోజుల్లో పట్టుబడింది. తర్వాత నెమ్మదించింది.

"'...పిల్ల గురించి నువ్వు బెంగపడకు. ఇక్కడ దానికి స్నేహితురాళ్లు దొరికారు. మీ నాన్న ఏం చేస్తాడని వాళ్లడిగితే, ఎవరూ చెప్పకుండానే, తనంతట తనే, మా నాన్న చచ్చిపోయాడు, మాకు బెంగ లేదు అంది. నాకే ఆశ్చర్యం వేసింది. వాడి నీడ దాని మనసులోంచి పూర్తిగా పోయింది అక్కా. ఇక వాడు తిరిగొచ్చినా దానికి ఒరిగేదేమీ లేదు...'"

ఆపింది.

"ఇది చూశాక మర్నాటి దాకా ఎలా ఉండను?" అన్నాడు బావ నేలకేసి చూస్తూ. "పిల్ల దృష్టిలో చచ్చినవాణ్ణి. గుమ్మంలో ఎదురుపడి ఏమని చెప్పను?"

"ఒక కాగితం ముక్క చూసి పారిపోయావా?" అక్క పీట మీంచి లేచింది. మొహం ఎర్రబడింది. "నన్నొక్క మాట అడక్కుండా? నాకు రాసిన ఉత్తరం నాకు చూపించకుండా జేబులో పెట్టుకుని?"

పిచ్చుక వాళ్లిద్దరి మాటా వినడం లేదు. ఆ వాక్యం మీదే వేలు పెట్టి ఉంది.

"పిన్నీ, ఆ ఊరెళ్లేటప్పుడు రైల్లో," అంది. "కిటికీ పక్క సీటు. నువ్వు నాకు జడ వేస్తున్నావు. ఎవరైనా అడిగితే ఇలా చెప్పు, ఇంకేమీ అడగరు అన్నావు. నేను అననన్నాను. ఏడ్చాను. అనేదాకా జడ వదల్లేదు నువ్వు. మూడుసార్లు అనిపించావు నా చేత."

చిన్ని గోడకు ఆనుకుంది. నిన్న దర్శకుడి మీద అరిచిన అరుపులు, పొద్దున బావ మీద అరిచినవి, అన్నీ ఆ గదిలోనే ఎక్కడో ఇంకా మోగుతున్నట్టున్నాయి.

"అక్క బెంగపెట్టుకుంటుందని రాశాను," అంది చివరికి. "నీ మంచికేనే..."

"నా మంచి తర్వాత." పిచ్చుక కాగితం ఆమె కళ్ల ఎదురుగా పట్టుకుంది. అమ్మ చూస్తోంది, నాన్న చూస్తున్నాడు. "వీళ్లిద్దరి ముందూ చెప్పు పిన్నీ. ఈ మాట ఎవరిది?"